డ్రిల్ సార్జెంటా, రిక్రూటరా?

ప్రశ్న:

అన్నయ్యా, నేను నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో స్టాఫ్ సార్జెంట్‌ని. నా ట్రేడ్ 25 బ్రావో, అంటే సర్వర్లు, నెట్‌వర్కుల పని. ఎంఎస్ చదవడానికి వచ్చి 2015లో మావ్ని పథకం కింద, అంటే గ్రీన్‌కార్డు లేకుండా వీసా మీద ఉన్నవాళ్ళనీ చేర్చుకున్న పథకం కింద, ఆర్మీలో చేరాను. సార్జెంట్ ఫస్ట్ క్లాస్ ప్రమోషన్‌కి స్పెషల్ డ్యూటీ ఒకటి చేసి ఉంటే మంచిదని మా ఫస్ట్ సార్జెంట్ అంటున్నారు. కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇచ్చే డ్రిల్ సార్జెంట్‌కో, కొత్తవాళ్ళని వెతికి చేర్చే రిక్రూటర్‌కో ఇప్పుడే నువ్వుగా పేరివ్వు, లేకపోతే పైవాళ్ళే లాగేస్తారు అన్నారు. మా ఆవిడకి రాలీ పక్కనున్న క్యారీలో ఐటీ ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి. బాబుకి నాలుగేళ్ళు. రిక్రూటర్ అయితే రాలీ చుట్టుపక్కలే ఉండిపోవచ్చు, గుడి, మనవాళ్ళు అందరూ ఇక్కడే కదా అని తన ఆశ. మా నాన్నగారిది మిలిటరీ మాధవరం. హవల్దారుగా రిటైరయ్యారు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో రంగ్రూట్లకు, అంటే కొత్త సిపాయిలకు, ఉస్తాద్‌గా చేశారు. ఆయనేమో ఉస్తాద్ పనిని మించింది లేదురా అంటారు. నా భయం వేరే. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. నా ఇంగ్లీషులో మన యాస పోలేదు. అరవై మంది అమెరికన్ పిల్లల ముందు నిలబడి కేకలు వేస్తే నవ్వుతారేమో. ఏది ఎంచుకోమంటారు?

(పేరు రాయవద్దన్నారు)

జవాబు:

తమ్ముడూ, నా మాట డ్రిల్ సార్జెంట్‌కే. కాకపోతే దానికి ఒక షరతు ఉంది, అది నీ చేతిలో కాదు, మా మరదలి చేతిలో ఉంది. అక్కడికి వస్తాను.

నేను ఫోర్ట్ లియొనార్డ్ వుడ్‌లో డ్రిల్ సార్జెంట్ల గుండ్రటి టోపీ పెట్టుకుని పనిచేసినవాణ్ణి. రిక్రూటింగ్ నేను చెయ్యలేదు. చేసి వచ్చినవాళ్ళు నా పక్కన పనిచేశారు, నా కింద పనిచేశారు, వాళ్ళ ఇళ్ళలో భోజనాలు చేశాను. కాబట్టి నేను టోపీ వైపు కొంచెం మొగ్గుతానన్న సంగతి తెలిసే ఇది చదువు.

మీ ఫస్ట్ సార్జెంట్ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఈ రెండు డ్యూటీలకూ ఆర్మీకి ఏటా మనుషులు కావాలి. తామంతట తాము వచ్చేవాళ్ళు చాలకపోతే పేర్లు పైనుంచే తీస్తారు. పేరు పడ్డాక ఏ పని, ఏ ఊరు అన్న ఎంపికలో నీ మాట చెల్లేది తక్కువ. ముందుగా పేరిచ్చినవాడికి ఊరు అడిగే వీలైనా ఉంటుంది. ప్రమోషన్ బోర్డు రెండింటినీ మంచి కన్నుతోనే చూస్తుంది. రెండింటికీ జీతం మీద నెలకు కొన్ని వందల డాలర్లు అదనంగా వస్తాయి. కాబట్టి డబ్బునీ ప్రమోషన్‌నీ ఈ లెక్కలోంచి తీసేయ్. వాటివల్ల త్రాసు ఎటూ మొగ్గదు.

ముందు మీ ఆవిడ ఆశ గురించి మాట్లాడదాం. క్యారీలో ఉండి, వెంకటేశ్వర స్వామి గుడికి దగ్గరగా, పిల్లాడికి తెలుగు మాట్లాడే స్నేహితుల మధ్య మూడేళ్ళు గడపాలని ఆమె కోరుకుంటే అందులో తప్పేముంది? బ్రాగ్‌లో నువ్వు ఫీల్డ్‌కి వెళ్ళినప్పుడల్లా ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. కానీ రిక్రూటర్‌గా పేరిచ్చినంత మాత్రాన రాలీయే వస్తుందని ఎవరూ రాసివ్వరు. నీకు ఏ చోట్లు ఇష్టమో అడుగుతారు, అవసరం ఎక్కడుంటే అక్కడికి పంపుతారు. రాలీ బెటాలియన్ దక్కినా స్టేషన్ క్యారీకి గంటన్నర దూరంలోని చిన్న ఊళ్ళో పడొచ్చు. అక్కడ పోస్ట్, అంటే ఆర్మీ స్థావరం, ఉండదు, కమిసరీ, అంటే ఆర్మీవాళ్ళ సరుకుల కొట్టు, ఉండదు, మిలిటరీ ఆసుపత్రి ఉండదు. బజారులో పిజ్జా కొట్టుకీ సెలూన్‌కీ మధ్య ఒక గది, అదే నీ స్టేషన్.

ఒకవేళ క్యారీలోనే ఉద్యోగం దొరికిందనుకుందాం. ఆ ఊళ్ళో ఉండటం వేరు, ఇంట్లో ఉండటం వేరు. రిక్రూటర్ పని బడి పిల్లల వేళలతో నడుస్తుంది. పగలు హైస్కూళ్ళు తిరగాలి, సాయంత్రం తల్లిదండ్రులు ఇళ్ళకు చేరాక వాళ్ళతో కూర్చోవాలి. శనివారం ఏదో ఒక మేళా. తెల్లవారుజామున ఒక కుర్రాణ్ణి మెప్స్‌కి, అంటే వైద్య పరీక్షలు చేసి ప్రమాణం చేయించే కేంద్రానికి, పంపే ఏర్పాటు చూడాలి. ఫోన్ మోగుతూనే ఉంటుంది. వాడు ప్రమాణం చేశాక కూడా బేసిక్ ట్రైనింగ్‌కి బయల్దేరేదాకా బాధ్యత నీదే. మధ్యలో వాడికి గర్ల్‌ఫ్రెండ్ వద్దంటే, మనసు మారితే, నీ లెక్కలో ఒకటి తగ్గినట్టే.

అసలు నా అభ్యంతరం ఇక్కడే ఉంది. గంటలు ఎక్కువని కాదు. ఎంత పనిచేసినా నెలాఖరున నీ పేరు ఎదురుగా కనిపించే అంకె నీ చేతిలో ఉండదు. అవతలి పిల్లాడు ఊ అనాలి, వాళ్ళమ్మ ఊ అనాలి, పరీక్షలో మార్కులు రావాలి, డాక్టరు సరేననాలి. పెంటగాన్ 2020లో చేసిన అధ్యయనం ప్రకారం 17 నుంచి 24 ఏళ్ళ అమెరికన్ యువతలో నూటికి 77 మంది ఏ మినహాయింపూ లేకుండా చేరడానికి అర్హులు కారు. బరువు, మందులు, చదువు, పాత కేసులు, ఏదో ఒకటి అడ్డం. 2022లో మెప్స్‌లకు జెనెసిస్ అనే వైద్య రికార్డుల వ్యవస్థ వచ్చింది. అప్పటినుంచి ఎప్పుడో చిన్నప్పుడు వాడిన ఇన్‌హేలర్ చీటీ కూడా బయటికొస్తోంది. మినహాయింపు కోసం కాగితాలు పంపి వారాల తరబడి ఎదురుచూడటం రిక్రూటర్లకు మామూలైపోయింది.

ఆ ఒత్తిడి ఎంత దూరం వెళ్ళిందో ఆర్మీ చరిత్రలోనే ఉంది. హ్యూస్టన్ రిక్రూటింగ్ బెటాలియన్‌లో 2005 నుంచి 2008 లోపు నలుగురు రిక్రూటర్లు ఆత్మహత్య చేసుకున్నారు. దాని మీద విచారణ జరిగింది. 2009 ఫిబ్రవరిలో ఒక రోజు దేశమంతటా రిక్రూటింగ్ పని ఆపి, ఈ విషయమే మాట్లాడుకున్నారు. ఆనాటి రోజులు వేరు, ఇరాక్ యుద్ధం నుంచి వచ్చినవాళ్ళని నేరుగా ఆ కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు పరిస్థితి కొంత నయం. 2022లో 60,000 మంది కావాల్సి ఉండగా 15,000 తక్కువ వచ్చారు, మరుసటి ఏడు కూడా సుమారు 10,000 తక్కువే. 2024లో లక్ష్యం 55,000, అది అందింది. 2025లో 61,000 లక్ష్యాన్ని గడువుకు నాలుగు నెలల ముందే, జూన్‌లోనే చేరుకున్నారు. ఫోర్ట్ జాక్సన్‌లో 2022 ఆగస్టులో పెట్టిన ముందస్తు శిక్షణ దీనికి బాగా సాయపడింది. మార్కులు కాస్త తగ్గినవాళ్ళనీ, బరువు కాస్త ఎక్కువున్నవాళ్ళనీ అక్కడ సిద్ధం చేసి బేసిక్‌కి పంపుతున్నారు. కాబట్టి భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. రోజుకు పదిమంది వద్దన్నా మర్నాడు అదే ముఖంతో ఫోన్ తీయగలిగే మనిషికి ఆ పని బాగుంటుంది. వద్దన్న ప్రతి మాటనీ ఇంటికి మోసుకొచ్చేవాడికి బాగుండదు. నీ ఉత్తరంలో ఇంకా ఎదుటపడని పిల్లలు నవ్వుతారేమోనన్న దిగులు కనిపించింది. అందుకే చెబుతున్నాను.

మనవాళ్ళ మధ్య ఉంటే మన పిల్లల్ని చేర్చుకోవచ్చు కదా అని నీకూ ఒక మూల ఉండే ఉంటుంది. ఆ ఆశ పెట్టుకోకు. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్నవాళ్ళే చేరగలరు. మారిస్‌విల్, ఫ్రిస్కో, ఎడిసన్ ఎక్కడ చూసినా, ఇక్కడే పెరిగి ఇంకా హెచ్4 వీసా మీదే ఉన్న తెలుగు పిల్లలు ఎందరో. వాళ్ళలో ఒకడు నీ యూనిఫాం చూసి నీ దగ్గరకొచ్చి చేరతానంటే, లేదు నాన్నా అని చెప్పాల్సినవాడివి నువ్వే అవుతావు. మావ్ని తలుపులోంచి నువ్వు లోపలికి వచ్చావు. 2016లో ఆ తలుపు కొత్తవాళ్ళకు మూసేశారు. ఇక గ్రీన్‌కార్డు ఉన్న ఇంటికి వెళితే, ఎంఎస్‌లు చేసిన తల్లిదండ్రులు కాఫీ ఇచ్చి, చాలా మర్యాదగా, మావాడు కంప్యూటర్ సైన్స్ చేస్తాడండీ అంటారు. వాళ్ళని తప్పుపట్టలేం.

ఇప్పుడు నీ యాస సంగతి. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే.

ఫోర్ట్ జాక్సన్‌లోని డ్రిల్ సార్జెంట్ అకాడమీలో సుమారు తొమ్మిది వారాలు ఉంటావు. అక్కడ అందరినీ వణికించేది పరుగు కాదు, మాడ్యూళ్ళు. డ్రిల్ మాన్యువల్‌లో ఉన్న పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా, ముందు నిలబడి, చేసి చూపిస్తూ అప్పజెప్పాలి. అటెన్షన్‌లో నిలబడటం ఎలాగో ఒక పాఠం: మడమలు ఒకే గీత మీద కలిసి ఉండాలి, రెండు పాదాల మధ్య 45 డిగ్రీల కోణం ఉండాలి, మోకాళ్ళు బిగబట్టకుండా నిటారుగా ఉండాలి. ఒక పదం అటూ ఇటూ అయితే ఆపేసి మళ్ళీ మొదటినుంచి. ఇక్కడ పుట్టి పెరిగిన మంచి మంచి సార్జెంట్లు రాత్రి బ్యారక్స్ గోడకు ఎదురుగా నిలబడి అదే పాఠం గొణుక్కుంటూ కన్నీళ్ళు పెట్టుకోవడం చూశాను. ఎక్కాలూ శతక పద్యాలూ బట్టీపట్టి పెరిగిన బుర్ర నీది. ఆ గదిలో నువ్వు వెనకబడవు, నా మాట నమ్ము.

గొంతు సంగతికొస్తే, కమాండ్‌లో రెండు ముక్కలుంటాయి. ఏం చెయ్యబోతున్నారో చెప్పేది మొదటిది, కదిలించేది రెండోది. మొదటిదాన్ని సాగదీసి చెప్పి, ఒక అడుగు పట్టేంత వ్యవధి ఇచ్చి, రెండోదాన్ని కొట్టినట్టు వదలాలి. పొట్టలోంచి రావాలి. గొంతులోంచి అరిచినవాడికి రెండో వారానికే మాట పోతుంది. మనవాళ్ళ ఇంగ్లీషులో ఎదుటివాళ్ళకు కష్టమయ్యేది యాస కంటే వేగం. తెలుగు మాట్లాడినంత జోరుగా ఇంగ్లీషు మాట్లాడేస్తాం. కమాండ్ ఆ వేగాన్ని నీ చేత బలవంతంగా తగ్గిస్తుంది. మూడు నెలలు గడిచేసరికి నీ మామూలు మాట కూడా నెమ్మదిస్తుంది, మీ ఆవిడే గమనిస్తుంది. నాతో పనిచేసినవాళ్ళలో ప్యూర్టోరికో నుంచి వచ్చినవాడున్నాడు, నైజీరియా నుంచి వచ్చినామె ఉంది. ఆమె గొంతు లేస్తే ప్లటూన్‌లో గాలి కూడా కదిలేది కాదు. మొదటిరోజు ఒకరిద్దరు నవ్వితే నవ్వుతారు. నాలుగోరోజు వాళ్ళకి తుపాకీ విప్పి బిగించడం రాదు, నీకు వచ్చు. అక్కడితో యాస గొడవ తీరిపోతుంది.

పెద్దగా మాట్లాడవంటావా, అదీ లోపం కాదు. పొద్దస్తమానం అరిచేవాడి అరుపుకి పిల్లలు రెండో వారానికే అలవాటుపడిపోతారు. తక్కువగా మాట్లాడేవాడు ఒక్కసారి గొంతు పెంచితే నిలువునా నిలబడతారు.

నాన్నగారి సలహా మంచిదే గానీ, ఆయన పనిచేసిన రోజులు వేరు, దేశం వేరు. ఇక్కడ ట్రైనీల్ని ఎలా చూడాలో 350-6 అనే నియమావళి ఉంది. దాన్ని గీతలా కాదు, గోడలా చూడు. శిక్షణ కోసం బట్టలు సర్దాలన్నా ముట్టుకోబోతున్నానని ముందు చెప్పాలి. ఒంటరిగా ఒక ట్రైనీతో ఒక గదిలో ఉండకూడదు. బూతు మాట, చెయ్యి చేసుకోవడం, చిన్నదైనా ఫేవర్ అడగడం, ఇందులో ఏ ఒక్కటి జరిగినా టోపీ పోతుంది, దానితోపాటు కెరీర్ కూడా. ఒక్కోసారి ఫిర్యాదు తప్పని తేలేదాకా కూడా పక్కన కూర్చోబెడతారు. నాలుగు గంటల నిద్ర మీద, పదోసారి అదే తప్పు చేసిన పిల్లాడి ఎదుట, ఈ గోడ గుర్తుండాలి. అందుకే అంటున్నాను, నీలాంటి నెమ్మదైన మనిషికి ఇది నప్పుతుంది. పద్ధతులు కూడా మారుతున్నాయి. బస్సు దిగగానే చుట్టుముట్టి అరవడాన్ని షార్క్ ఎటాక్ అనేవారు. ఇన్‌ఫంట్రీ శిక్షణలో 2020లో దాన్ని తీసేశారు. మొదటిరోజే జట్టుగా పనిచేయించే వ్యాయామం పెట్టారు. పాతకాలం వాళ్ళు సణుగుతారు గానీ, నా దృష్టిలో అది మంచి పని.

ఇక కష్టం. దాచను. పిల్లలు లేవకముందే నువ్వు అక్కడ ఉండాలి, అంటే నాలుగింటికి ఇంట్లోంచి బయటపడాలి. వాళ్ళు పడుకున్నాక కాగితాలు చూసుకుని తొమ్మిదికో పదికో ఇల్లు చేరతావు. ఒక బ్యాచ్ శిక్షణని సైకిల్ అంటాం, అది పది వారాలు. మొదటి వారాల్లో ఆదివారం కూడా నీది కాదు. చివర్లో ఫోర్జ్ అనే 96 గంటల ఫీల్డ్ పరీక్షలో వాళ్ళతోపాటు నువ్వూ నడవాలి. ఆ వారాల్లో మీ బాబు నిన్ను నిద్రలో ఉన్నప్పుడే చూసుకుంటాడు, లేదా నువ్వు వాణ్ణి. అయితే ఆ కష్టానికి క్యాలెండర్ ఉంది. ఏ తేదీన గ్రాడ్యుయేషనో మొదటిరోజే గోడమీద రాసి ఉంటుంది. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య కొంచెం ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. రెండేళ్ళకు పని ముగుస్తుంది, కావాలంటే మూడో ఏడు అడగొచ్చు. రిక్రూటింగ్ మూడేళ్ళు, నెల అంకె ప్రతి నెలా సున్నా నుంచి మొదలవుతుంది. మా మరదలు ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బాబుకి నాలుగేళ్ళే కాబట్టి రెండేళ్ళ టూర్ అయ్యేసరికి వాడు ఒకటో తరగతిలో అడుగుపెడతాడు. వాడి బడి జీవితం మొదలయ్యే వేళకు నువ్వు మామూలు వేళలకు తిరిగొస్తావు.

నీ ట్రేడ్ సంగతి కూడా ఆలోచించు. 25 బ్రావోకి రెండేళ్ళ దూరమే ఎక్కువ, మూడేళ్ళంటే చాలా మారిపోతుంది. ఏ డ్యూటీకి వెళ్ళినా సెక్యూరిటీ ప్లస్ లాంటి సర్టిఫికెట్లు గడువు తీరకుండా చూసుకో. ఆర్మీ నుంచి బయటికొచ్చాక మీ ఇంటికి అన్నం పెట్టేది అవే.

ఇంకొకటి, ఇది నీకు నచ్చుతుందని రాస్తున్నాను. బేసిక్‌లో ఉండగానే పౌరసత్వం ఇచ్చే ఏర్పాటు 2009లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగి మళ్ళీ నడుస్తోంది. గ్రాడ్యుయేషన్ వారంలో కొందరు ట్రైనీలు చెయ్యెత్తి ప్రమాణం చేస్తారు. వాళ్ళని పది వారాలు నడిపించిన సార్జెంట్‌గా నువ్వు ఆ వరుస పక్కనే నిలబడతావు. వాళ్ళ తల్లిదండ్రుల్లో కొందరికి ఇంగ్లీషు రాదు. ఏం జరుగుతోందో అర్థం కాక చూస్తున్న ఆ అమ్మానాన్నల దగ్గరకు వెళ్ళి నిదానంగా చెప్పడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు షరతు. డ్రిల్ సార్జెంట్‌కి పేరిచ్చేటప్పుడు ఫోర్ట్ జాక్సన్ అడుగు. అది దక్కినా, సౌత్ కరోలినాలోని కొలంబియాలో ఉంది, క్యారీ నుంచి మూడు నాలుగు గంటల దారి. వారానికి రెండుసార్లు వచ్చి పోవడం అయ్యే పని కాదు. మా మరదలు తన మేనేజర్ని అడగాలి, రెండేళ్ళు పూర్తిగా ఇంటినుంచి చేయనిస్తారా అని. నోటిమాట చాలదు, ఈమెయిల్లో రాయించుకోవాలి. బాబుకి పోస్ట్ మీద చైల్డ్ కేర్ సెంటర్ ఉంటుంది గానీ ఖాళీ కోసం వరుసలో ఉండాలి, ఆర్డర్లు రాగానే పేరు నమోదు చెయ్యి. మీ అమ్మగారో అత్తగారో విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉండగలిగితే, ఆ ఆర్నెల్లు నీ మొదటి రెండు సైకిళ్ళ మీద పడేలా చూడు. అందరికంటే ఎక్కువ సాయం కావాల్సింది అప్పుడే.

కంపెనీ ఒప్పుకోకపోతే, ఆమె ఉద్యోగం వదులుకోవడానికి మనస్ఫూర్తిగా సిద్ధంగా లేకపోతే, నువ్వు జాక్సన్‌లో, వాళ్ళు క్యారీలో రెండు కాపురాలు పెట్టొద్దు. అప్పుడు రాలీ కోరుకుంటూ రిక్రూటింగ్‌కే పేరివ్వు. నేను పైన రాసిన కష్టాలన్నీ తెలిసి వెళ్ళే మనిషికి అవి సగం తేలికవుతాయి. రాలీలో ఆ పని చేస్తున్నవాళ్ళలో ఒకరి వెంట ఒక శనివారం పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా తిరిగి చూడు, తర్వాతే సంతకం పెట్టు.

రెండింటికీ మానసిక ఆరోగ్య పరీక్ష ఉంటుంది. అందులో నిద్ర గురించి, ఇంటి గురించి అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పు. కప్పిపుచ్చి వెళ్ళిన మనిషికి రెండేళ్ళు చాలా పొడుగ్గా ఉంటాయి.

ఈ వారంలో మా మరదలు ఆ ఈమెయిల్ పంపితే, జవాబు వచ్చాక కెరీర్ కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. మొదటి మాడ్యూల్ ఆయనకే ఫోన్లో అప్పజెప్పు, తప్పులు ఆయన పట్టుకుంటారు.